బిగిసిన మర

మా బావగారు గుడివాడ నుంచి కారులో బందరు వచ్చారు. ఎల్లుండి దివిసీమలో పెళ్ళి. ఈలోగా సైలెన్సరు గొట్టానికున్న ఆక్సిజన్ సెన్సరు మార్చాలట. 1976లో వోల్వో కార్లతో వాడుకలోకి వచ్చిన ఈ చిన్న భాగం, పొగలో ఆక్సిజన్ ఎంతుందో ఇంజనుకు తెలియజేస్తుంది. బావగారు కారు కింద దూరి అరగంట పానా గుంజారు. కదిలితే ఒట్టు!

సముద్రపు ఉప్పుగాలి తగిలితే ఇనుము త్వరగా తుప్పుపడుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక, మర చుట్ల మధ్య ఇరుక్కుని పట్టేస్తుంది. మొండిగా తిప్పితే మర తెగి, గొట్టమే మార్చవలసి వస్తుంది.

ఇంతలో మేస్త్రీ వచ్చి, ముందు బావగారిని బయటికి రప్పించాడు. "వాన పడ్డ నేల బాబూ, జాకీ దిగబడితే ప్రాణం మీదికొస్తుంది!" అని, అడుగున దళసరి చెక్క వేసి, కారును స్టాండ్లమీద నిలిపాడు. చల్లారిన మరకు తుప్పు వదిలించే నూనె పట్టించి, రాత్రంతా నానబెట్టాడు. తెల్లవారి ఆరుబయటే ఇంజను కాసేపు నడిపి, ఆపి, గొట్టం వెచ్చగా ఉండగా కాస్త విప్పి, కాస్త బిగించి, మళ్ళీ విప్పాడు. ఊడివచ్చింది! కొత్తదాని కొనకు అంటకుండా, మరకు మాత్రం పట్టేయకుండా ఉంచే గ్రీజు రాసి బిగించాడు.

కాఫీ తెస్తూ అక్కయ్య నవ్వింది: "మీ బావగారూ అంతేరా తమ్ముడూ! గుంజితే బిగుసుకుంటారు. ఓ రాత్రి ఊరుకుంటే, తెల్లారేసరికి ఆయనే మాట వింటారు."