పోటీ ముగిసిన మరునాడు

నెల్లిమర్లలో జూట్ మిల్లు కార్మికుని యింటనైనను, చంపావతి యొడ్డున సాగుచేసుకొను రైతు యింటనైనను సాయంకాలము కాగానే టెలివిజన్ ముందు పిల్లలు చేరుదురు. తమ యీడు బాలిక యెవరో పాడి మెప్పు పొందినచో, తామును అట్లే పాడవలెనని వారికి ఉబలాటము పుట్టుట సహజము. దానిని చులకన చేయరాదు. కాని పాటల పోటీ గాయకునకు ఏమి యీయగలదు, ఏమి యీయజాలదు అను సంగతి పెద్దలు ముందుగా తెలిసికొనవలసి యున్నది.

ఇందుకు ఉదాహరణము ఉత్తరాంధ్రముననే యున్నది. శ్రీకాకుళమున పుట్టిన ఎల్.వి. రేవంత్ 2017లో ‘ఇండియన్ ఐడల్’ తొమ్మిదవ పోటీలో ప్రథముడైనాడు. 2010లో శ్రీరామచంద్ర గెలిచిన తరువాత ఆ గౌరవము తెలుగువానికి దక్కుట అది రెండవసారి. మాతృభాష కాని హిందీలో పాడి దేశమును మెప్పించుట సామాన్యమైన విషయము కాదు. అయితే రేవంత్ ఆనాడు కొత్తగా గొంతు విప్పినవాడు కాడు. అప్పటికే పెక్కు తెలుగు చిత్రములలో పాడియున్నాడు. 2015 నాటి ‘బాహుబలి’లో ‘మనోహరి’ పాటలో వినిపించిన పురుషకంఠము ఆయనదే. పోటీ ఆయనను గాయకుని చేయలేదు; గాయకుడైన వానిని దేశమునకు చూపినది.

అదే పోటీలో మూడవ స్థానమున నిలిచిన మరొక తెలుగు యువకుడు పి.వి.ఎన్.ఎస్. రోహిత్. ‘బేబి’ చిత్రములోని పాటకు ఉత్తమ నేపథ్య గాయకుడుగా ఆయనకు జాతీయ పురస్కారము 2025 ఆగస్టులో ప్రకటింపబడినది. ప్రేక్షకుల ఓట్లు ఒక రాత్రి నిర్ణయించిన వరుసను ఎనిమిదేండ్ల కృషి ఈ విధముగా సవరించినది. ఓట్లు వేసినవారు పొరబడిరని దీని భావము కాదు. ఓటు ఆనాటి అభిమానమునకు కొలత. గాయకుని విద్య ఎంతవరకు పెరుగునో చెప్పుట ఓటునకు సాధ్యము కాదు.

ఆ విద్య దొరకు చోటు నెల్లిమర్లకు దూరము కాదు. పట్టుమని పది పన్నెండు కిలోమీటర్లలో విజయనగరమున్నది. 1919లో అచ్చట సంగీత కళాశాల వెలసినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షుడైనాడు. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ బోధించినాడు. పట్రాయని సీతారామశాస్త్రి శిష్యుడై ఘంటసాల అచ్చటనే చదివినాడు. ఆ రోజులలో వారాలు చేసికొని, మధూకరమెత్తి పొట్ట పోసికొన్నాడని ఆయన జీవితకథ తెలిసినవారందరు ఎరుగుదురు. విజయనగరపు ఆడపడుచు పి. సుశీల కూడ ఆ కళాశాల విద్యార్థినియే. ఆకాశవాణిలో ఆమె గొంతు విని సంగీత దర్శకుడు పెండ్యాల సినిమాకు పిలిచినాడు. నేడు టెలివిజన్ చేయుపని ఆనాడు రేడియో చేసినది. పిలుపు వచ్చునాటికి ఆమె విద్య సిద్ధముగా నున్నది.

పల్లెపాట పాడువారి విషయము మరికొంత సున్నితమైనది. జముకుల కథ రాత్రి పొడుగునను సాగును. తప్పెటగుళ్లు పదిమంది కలసి ఆడిపాడవలసిన కళ. పోటీ వేదిక ఒక్కరికి రెండు మూడు నిమిషములు మాత్రమే యిచ్చును. ఆ కొలతకు కుదించునప్పుడు ముందుగా పోవునది ప్రాంతపు పలుకుబడి. పార్వతీపురము ప్రాంతమువాడైన వంగపండు ప్రసాదరావు 2020లో కన్నుమూయువరకు ఆ పలుకుబడిని విడువలేదు. ఏ టెలివిజన్ పోటీయు లేకుండగనే ఆయన పాట ఊరూరికి చేరినది. జనమునకు ఆ పాటలో తమ మాటయే వినవచ్చినది.

కనుక ఉపాధ్యాయులు చేయదగిన పని యొకటి కలదు. పాడగల విద్యార్థి కనబడినప్పుడు పోటీకి పంపుటకు వెనుదీయనక్కరలేదు. కాని తిరిగివచ్చిన పిల్లవానిని “ఎన్నవవాడవు వచ్చితివి?” అని అడుగుటకు ముందు “ఇప్పుడు ఎవరియొద్ద నేర్చుకొనుచున్నావు?” అని అడుగవలెను. ఇంటిలో అవ్వ పాడు పాటను ఆమె పలికినట్లే పాడుమని తరగతిలో నిలబెట్టి వినవలెను. ఓడి వచ్చిన పిల్లకు ఆ ఆదరణ మరింత అవసరము. పోటీలో గెలుచువా డొక్కడే. మరునాడు ఉదయము శ్రుతిపెట్టె ముందు కూర్చుండుటకు మాత్రము అందరకును చోటున్నది.