కంప్యూటరులో లేదంటే సరిపోతుందా?

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట రైతుకు పత్తి గింజ నాటకముందే ఒక పని ఉంటున్నది. అడంగల్‌లో, 1-బిలో తన పేరు నిలిచి ఉన్నదో లేదో చూసుకోవాలి. నిరుడున్న పేరు ఈ ఏడు కనిపించదు, లేదా విస్తీర్ణం తగ్గి ఉంటుంది. పొలం ఎక్కడికీ పోలేదు, గట్టు కదలలేదు. అడిగితే ‘‘కంప్యూటరులో లేదు’’ అన్న జవాబు వస్తుంది. కరణాల కాలంలో దస్త్రంలో లేదనేవారు, అంతే తేడా.

లేకపోవడానికి కారణం ఉండి తీరుతుంది. వెబ్‌ల్యాండ్‌లో ప్రతి సర్వే నంబరుకూ పాత రీసెటిల్‌మెంటు రిజిస్టరు ప్రకారం మొత్తం విస్తీర్ణం ఉంటుంది. ఉదాహరణకు నాలుగెకరాల నంబరులో ముగ్గురి దస్తావేజులు కలిపితే నాలుగెకరాల ఇరవై సెంట్లు తేలిందనుకుందాం. చివర వచ్చినవానికి ఇరవై సెంట్లు ఎక్కవు. అర్జీ ఎన్నిసార్లు పెట్టినా ఫలితం అదే. కొలత వేసి, సబ్ డివిజను చేస్తేనే చిక్కు విడుతుంది.

రీసర్వే జరిగిన ఊళ్లలో సంగతి వేరు. 2020 డిసెంబరు 21న రాష్ట్రంలో రీసర్వేకు శ్రీకారం చుట్టింది జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులోనే. అలా కొలిచిన గ్రామాల్లో సర్వే నంబర్ల స్థానే ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చాయి. పాత నంబరు కొట్టి వెదికితే ఏమీ కనిపించదు. వివరం పోలేదు, దాని చిరునామా మారింది. కొన్నిచోట్ల పలువురి భూమిని ఒకే ఎల్.పి.ఎం. కింద ఉమ్మడిగా చూపడంతో అన్నదమ్ములకే తగవులు వచ్చాయి. పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన చూపే పట్టీని ప్రతి ఊరి చావడి గోడకు అంటిస్తే సగం మంది మండలాఫీసుకు రావలసిన పనే ఉండదు.

మూడోది పొరపాటు నమోదు. ఇక్కడే అసలు జవాబుదారీ ఉన్నది. తహశీల్దారు ఆమోదం లేనిదే హక్కుల రికార్డులో మార్పు జరగరాదు. అలాంటప్పుడు మార్పుకొక తేదీ, ఒక ఫైలు నంబరు ఉండాలి. పేరు ఏనాడు, ఏ ఉత్తర్వుతో తొలగిందో వెదికి చెప్పవలసింది కార్యాలయమే కాని రైతు కాదు. కాని రైతునే తాతలనాటి కాగితాలు తెమ్మని తిప్పడం పరిపాటి అయింది. ఆ కాగితాలు చాలావరకు ఆఫీసు బీరువాలోనే ఉండవలసినవి! 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినప్పుడు, 1985లో తాలూకాలు పోయి మండలాలు ఏర్పడినప్పుడు దస్త్రాలు చేతులు మారాయి. మిగిలిన కట్టలనైనా చెదల పాలు కానీయరాదు.

అడంగల్‌లో పేరు లేనివాడు ఈ-క్రాప్‌కు వెళ్తే చిక్కు, బ్యాంకుకు వెళ్తే చిక్కు. మునేరు పొంగి మిర్చి మునిగినా నష్టం రాసేటప్పుడు ముందు అడిగేది నమోదే.

రైతులు కూడా ఏటా అడంగల్, 1-బి నకళ్లు తీసుకుని తేదీ వేసి దాచుకోవాలి. నిరుటి నకలు చేతిలో ఉంటే తప్పు ఎప్పుడు దొర్లిందో పట్టుకోవడం తేలిక.

2022లో నందిగామకు రెవెన్యూ డివిజను వచ్చింది. పేరు పోయిందని అర్జీ ఇచ్చిన ప్రతి రైతుకూ అది ఎక్కడ, ఏ కారణాన పోయిందో గడువులోగా రాతపూర్వకంగా తెలిపేలా డివిజను అధికారులు మండలాలకు ఆదేశాలివ్వాలి.