గుడి అంటే అలాగే ఉండాలని ఎవరన్నారు?



సెలవులకి ఊరెళ్తే మా పాత గుడి లేదు. మట్టి గోడలు, పెంకుల కప్పు, చుట్టూ అరుగు. పూజ అయ్యాక ముసలోళ్లు ఆ అరుగు మీదే కూర్చుని ఊరి తగువులు తీర్చేవారు. ఇప్పుడు పిల్లర్లు లేచాయి. మొనదేలిన కిటికీలు, రంగుటద్దాలు, ముందు ఎత్తయిన గోపురం వస్తాయట. అరుగు లేదు. ప్లాన్ పట్నం నుంచి వచ్చింది. చందా మాత్రం ఇంటింటి నుంచీ, జీడిపిక్కలు అమ్మిన డబ్బుల్లోంచి.

అడిగితే "గుడి అంటే అలాగే ఉండాలి" అన్నారు పెద్దలు.

ఎవరన్నారు? ఆ మొనదేలిన కిటికీ 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో, అక్కడి రాయికి, అక్కడి వాతావరణానికి తగ్గట్టు పెరిగిన పద్ధతి. రోమ్ కూడా అదే కట్టమనలేదు. తిరుసభకి సొంత శైలి అంటూ ఒకటి లేదని, అన్ని జాతుల, ప్రాంతాల కళకీ చోటుండాలని 1963లోనే రెండో వాటికన్ మహాసభ రాసింది. 1969లో మన దేశంలో పూజకి చెప్పులు విడిచి నేల మీద కూర్చోవడానికీ రోమ్ ఒప్పుకుంది. తిరువనంతపురంలో లారీ బేకర్ కట్టిన లొయోలా చాపెల్ చూడండి. ఇటుక గోడలోనే కన్నాలు వదిలాడు. గాలి, వెలుతురు వాటిలోంచే వస్తాయి. అది గుడి కాదా?

"పట్నమోళ్లకి పెద్ద గుళ్లు, మనకి మట్టి గుడిసేనా?" అని కొందరు అడుగుతున్నారు. న్యాయమైన మాటే. పాత గుడి వానకి కారేది, మేమూ తడిశాం. గట్టిగానే కడదాం, స్లాబే వేద్దాం. గొప్పగా ఉండటానికి వేరే వాళ్లలా ఉండక్కర్లేదు అంటున్నాం, అంతే.

ఇంకో మాట. మతం మారినోళ్లు ఆదివాసీలు కారు, జాబితాలోంచి తీసెయ్యాలి అని కొందరు తిరుగుతున్నారు. 1950 ఎస్టీ ఉత్తర్వులో మతం షరతే లేదు. మన హక్కు చట్టంలో ఉంది, గోడల్లో కాదు. అది ఎవరికైనా చెప్పగలం. కానీ మన చేతులతో కట్టుకునే గుడిలో మన ఇంటి పోలిక ఒక్కటీ లేకపోతే, రేపు మన పిల్లలకి ఏం చెప్తాం?

యువతకి మా విన్నపం: మీ ఊళ్లో గుడి కడుతుంటే చందా ఇచ్చే ముందు ప్లాన్ చూపించమనండి. ఫాదర్ గారిని, ఉపదేశిని, ఆడవాళ్లని, ముసలోళ్లని ఒకచోట కూర్చోబెట్టండి. మా ఊళ్లో ఇంకా స్లాబ్ పడలేదు. గోపురం తగ్గించి అరుగు కట్టమని వచ్చే ఆదివారం పూజ అయ్యాక అడగబోతున్నాం.

జై ఆదివాసీ.