పిలిచే చిలకకు పలికేదెవరు?

చిలకలు మాట్లాడే వీడియోలకు ఈమధ్య గిరాకీ పెరిగింది. సోఫా అంచున ఒక ఆఫ్రికన్ గ్రేనో, ఎవరి భుజం మీదో ఒక సన్ కన్యూరో కూర్చుని ‘అమ్మా’ అంటుంది, ‘హలో’ అంటుంది, కాలింగ్ బెల్లు మోతను అచ్చంగా దించేస్తుంది. అర నిమిషంలో ముచ్చట ముగుస్తుంది. దాని కింద మాత్రం ‘రేటెంత అన్నా?’, ‘మా ఊరికి పంపుతారా?’ అంటూ వరస కడతారు జనం. అమ్మేవాళ్లు అక్కడికక్కడే జవాబిస్తారు: చేత్తో తినిపించి పెంచిన పిల్ల, కరవదు, బాగా మాట్లాడుతుంది, కాగితాలన్నీ ఉన్నాయి, చట్టంతో పేచీ లేదు. ఈ అయిదు హామీల్లో నాకు ఎక్కువ ఒళ్లు మండించేది చివరిది. చట్టం అడ్డు చెప్పకపోతే చాలు, ఇక ఆలోచించాల్సిందేమీ లేదనుకోవడం మనకు బాగా అలవాటైంది. ఒక ప్రాణిని ముప్ఫై నలభై ఏళ్లు ఇంట్లో పెట్టుకోవడం కాగితాలతో తేలే విషయం కాదు. చిలకతో బతకడంలో సుఖం లేదని నేననను. ఉంది, అదీ చిన్నపాటి సుఖం కాదు. అయితే ఆ సుఖం ఎక్కడ పుడుతోందో కష్టమూ అక్కడే పుడుతోంది. ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని వదిలించుకోవడం కుదరదు. ఈ ముక్క అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు.

చిలక ఒంటరి పిట్ట కాదు. సాయంత్రం పూట రామచిలుకలు కీచుమంటూ గుంపులు గుంపులుగా చెట్టుకు చేరడం మన ఊళ్లలో ఎవరికీ కొత్త కాదు. ఆ కీచులాట వట్టి గోల కాదు, హాజరు పిలుపు. ‘నేనిక్కడున్నాను, నువ్వెక్కడ?’ అని ఒకటి అడుగుతుంది, మరొకటి బదులిస్తుంది. వెనిజులాలో చిన్న జాతి అడవి చిలకల మీద చేసిన పరిశోధన ఒకటి 2011లో వెలువడింది. తల్లీతండ్రీ గూట్లో ఉన్న ఒక్కో పిల్లను ఒక్కో రకమైన కూతతో పిలుస్తాయనీ, పిల్ల ఆ కూతనే కాస్త మార్చుకుని తన పేరుగా పెట్టుకుంటుందనీ అందులో తేలింది. అంటే నామకరణం మనొక్కళ్ల సొత్తు కాదన్నమాట. ఇలాంటి పిట్టను పిల్లగా ఉన్నప్పుడే తెచ్చి మనుషుల మధ్య పెడితే ఏం చేస్తుంది? చుట్టూ ఉన్నవాళ్లనే తన గుంపు అనుకుంటుంది. ఆ గుంపు ఏ చప్పుళ్లతో ఒకరినొకరు పిలుచుకుంటోందో చెవులు రిక్కించి వింటుంది, వాటినే పట్టుకుంటుంది. ఇంట్లో ‘అమ్మా’ అన్నప్పుడల్లా ఎవరో ఒకరు పలుకుతున్నారు, కాబట్టి అదీ ‘అమ్మా’ అంటుంది. మనం వినోదం అనుకుంటున్నది దానికి ఉనికి సమస్య. ‘నన్నూ మీలో కలుపుకున్నారా?’ అని అది రోజుకు వందసార్లు అడుగుతుంటే, మనం చప్పట్లు కొట్టి ఫోన్ తీసి రికార్డు చేసుకుంటున్నాం.

అది మనల్ని గుంపుగా ఒప్పుకుందంటే దక్కేది మాత్రం నిజంగా గొప్పదే. ఒక్క ఉదాహరణ చాలు. చిలకకు కొత్త ఈకలు మొలిచేటప్పుడు ప్రతి ఈకా ఒక సన్నని గట్టి తొడుగులో చుట్టుకుని, ముల్లులా బయటికొస్తుంది. ఒంటి మీదవైతే ముక్కుతో తనే చిదుపుకుంటుంది. తల మీదవి దానికి అందవు, వాటిని జతపిట్ట తీయాలి. జత లేని పెంపుడు చిలక నమ్మిన మనిషి ముందుకొచ్చి మెడ వంచి, తల మీది ఈకలన్నీ రిక్కించి, కళ్లు అరమూసి నిలబడుతుంది. వేలి కొసలతో మెల్లగా నలిపితే ఆ తొడుగు తెల్లటి పొడిగా రాలి లోపలి ఈక విచ్చుకుంటుంది. కాస్త గట్టిగా నొక్కితే అరుస్తుంది, ముక్కుతో వేలిని పక్కకు నెడుతుంది, మళ్లీ తల వంచుతుంది. జత చేయాల్సిన పనిని మనిషి చేతికి అప్పగించడం కన్నా పెద్ద నమ్మకం ఒక అడవి జాతి ప్రాణి ఇవ్వలేదు. తెలివి సంగతి సరేసరి. ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977లో అమెరికాలో ఒక దుకాణంలో కొన్న అలెక్స్ అనే గ్రే చిలక యాభైకి పైగా వస్తువుల పేర్లు, ఏడు రంగులు, అయిదు ఆకారాలు చెప్పగలిగేది, ఆరు దాకా లెక్కించేది. వట్టి వల్లెవేత అయితే ‘ఈ రెండింటికీ తేడా ఏమిటి?’ అన్న ప్రశ్నకు ‘రంగు’ అనో ‘ఆకారం’ అనో సరైన జవాబు ఇవ్వలేదు. 2007లో అది చనిపోయేనాటికి దాని వయసు 31. అయితే ఈ కథ చెప్పి చిలకలు అమ్మేవాళ్లు దాచేదొకటుంది. అలెక్స్ వెనుక ముప్ఫై ఏళ్లపాటు ఒక శాస్త్రవేత్త, ఆమె శిష్యులు వంతులు వేసుకుని రోజూ గంటల తరబడి కూర్చున్నారు. ఇద్దరు మనుషులు దాని ఎదుట మాట్లాడుకుంటూ, పోటీపడుతూ నేర్పారు. భార్యాభర్తలిద్దరూ తొమ్మిదింటికి బయటపడి రాత్రి ఎనిమిదింటికి చేరే ఫ్లాటులో ఆ గంటలు ఎక్కణ్నుంచి వస్తాయి?

రావు. అప్పుడే అసలు బాధ మొదలవుతుంది. పిలిచిన పిలుపుకు బదులు రాకపోతే అడవిలో చిలక ఏం చేస్తుందో ఇంట్లోనూ అదే చేస్తుంది, గొంతు పెంచుతుంది. మకావ్, కాకటూ జాతుల అరుపు వంద డెసిబెల్స్ దాటుతుంది. పక్క ఫ్లాటువాళ్లు అసోసియేషన్‌కు ఫిర్యాదు చేస్తారు, వీళ్లు పంజరం మీద దుప్పటి కప్పుతారు. పిల్లప్పుడు మెత్తగా చేతిలో ఒదిగిన గ్రే మూడు నుంచి అయిదేళ్ల మధ్య ఈడుకొస్తుంది. అప్పుడు ఇంట్లో ఒకర్ని జతగా ఎంచుకుని మిగిలినవాళ్లను కరుస్తుంది. కరవదని హామీ ఇచ్చినవాడు అప్పటికి ఫోన్ ఎత్తడు. ఇంకా ఆలస్యమైతే ఆ పిట్ట తన ఈకలు తనే పీకేసుకుంటుంది. ఇలాంటి చిలకను గుర్తుపట్టడం తేలిక: ఒంటి మీద, రొమ్ము మీద చర్మం కోడిని ఒలిచినట్టు గులాబీ రంగులో బయటపడి ఉంటుంది, తల మాత్రం నిగనిగలాడుతూ నిండు ఈకలతో ఉంటుంది. తల దాని ముక్కుకు అందదు కదా. తిండి దగ్గరా ఇదే అజ్ఞానం. పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనక్కాయలు పోసి చేతులు దులుపుకుంటే విటమిన్-ఎ లోపం, కాలేయానికి కొవ్వు పట్టడం ఖాయం. మన పెద్దవాళ్లు జామకాయ ముక్క, పచ్చిమిరపకాయ పెట్టేవాళ్లు. అదే నయం. మిరపలోని కారం పక్షుల నాలుకకు తగలదు, విటమిన్లు మాత్రం ఒంటికి పడతాయి. ఇక వంటిల్లు. నాన్‌స్టిక్ పెనం మాడేదాకా వేడెక్కితే వచ్చే పొగ మనకు తెలియను కూడా తెలియదు, పక్క గదిలో చిలక నిమిషాల్లో చచ్చిపడిపోతుంది. దోమల చుట్ట, అగరొత్తుల పొగ కూడా దాని ఊపిరికి మంచివి కావు. రాత్రి పది, పన్నెండు గంటల చీకటి కావాలి దానికి. హాల్లో సీరియల్ నడిచే ఇంట్లో ఆ చీకటి ఎప్పుడు పడుతుంది? జబ్బు చేసినా పైకి కనబడనివ్వదు, ఎందుకంటే అడవిలో నీరసంగా కనిపించిన పిట్టనే డేగ ఎత్తుకుపోతుంది. యజమానికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

కుక్కను పెంచుకోవట్లేదా, దానికీ తోడు కావాలి కదా అని అడిగేవాళ్లున్నారు. అడగదగ్గ ప్రశ్నే. కుక్క మనిషి పంచన చేరి పదివేల ఏళ్లు దాటింది. తరతరాలుగా మన మధ్య బతకడానికే మలచబడిన జంతువు అది. ఇవాళ దుకాణంలో ఉన్న చిలక అడవికి చాలావరకు ఒకటి రెండు తరాల దూరంలోనే ఉంది. దాన్ని పంజరంలో పొదిగించినంత మాత్రాన గుంపు ఆశ పోదు, ఎగరాలన్న ఆశా పోదు. రెండో మాట, ముసలితనంలో పలకరించే దిక్కు లేనివాళ్లకు చిలక ఆసరా అంటారు. పిల్లలు అమెరికాలో, అమ్మానాన్నలు ఇక్కడ మూడు గదుల నిశ్శబ్దంలో ఉన్న ఇళ్లు మనకు తక్కువేం కాదు. అలాంటి ఇంట్లో చిలకకు రోజంతా మనిషి దొరుకుతాడు, మనిషికి చిలక దొరుకుతుంది. ఉద్యోగస్థుల ఇంటి కన్నా ఇదే మేలని నేనూ ఒప్పుకుంటాను. కానీ అరవై అయిదేళ్ల పెద్దమనిషి కొన్న గ్రే చిలక ఇంకా నలభై ఏళ్లు బతకొచ్చు. ఇల్లు ఎవరికి, బంగారం ఎవరికి అని వీలునామా రాసే మనం చిలక ఎవరికో రాయం. డాలస్ నుంచి పది రోజుల సెలవు మీద కర్మకాండకు వచ్చిన కొడుకు దాన్ని ఎవరికిచ్చి వెళతాడు? ఆఫ్రికన్ గ్రే దేశాల సరిహద్దు దాటాలంటే అంతర్జాతీయ అనుమతులు కావాలి, విమానంలో పచ్చళ్లతోపాటు పట్టుకుపోయే వస్తువు కాదు.

అంతర్జాతీయ అనుమతులెందుకంటే, 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సైటిస్ (అంతరించే జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) సమావేశం ఆ చిలకను అత్యంత కట్టుదిట్టమైన జాబితాలోకి చేర్చింది. ఘనా అడవుల్లో 1992 తర్వాత గ్రే చిలకలు 90 నుంచి 99 శాతం దాకా తగ్గిపోయాయని పరిశోధకులు తేల్చారు. పెంపకం కోసం పట్టుకోవడం అందుకు ఒక పెద్ద కారణం. ప్రేమే వాటిని అడవిలోంచి ఊడ్చేసింది. మన చట్టం కథ ఇంకా వింతగా ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలుకను పెంచడం, అమ్మడం నేరం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన సవరణలో అది రెండో షెడ్యూల్లో ఉంది, మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అదే విదేశీ మకావ్ అయితే 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకుంటే సరి. పుట్టుక, చావు, చేతులు మారడం తెలియజేస్తే చాలు. దేశీ పక్షిని కాపాడుకోవడానికి కఠినంగా ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ కఠినత్వం ఎవరి మీద పడుతోంది? గుడి అరుగు మీద చీటీలు పరిచి చిలక జోస్యం చెప్పుకునే పేదవాడి పంజరం మీద, చార్మినార్ దగ్గర ముర్గీచౌక్‌లో చిలకల బుట్టలు పెట్టుకుని కూర్చునేవాడి మీద. ఇళ్ల వరండాల్లో వేలాడే రామచిలుక పంజరాల జోలికి ఎవరూ పోరు. లక్షల ఖరీదు చేసే మకావ్‌కు మాత్రం కాగితం ఉంది, గౌరవం ఉంది. సీబీఐని సుప్రీంకోర్టు 2013లో పంజరంలో చిలక అన్నప్పుడు అది ఎంత పెద్ద మాటో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు. అసలు చిలక పంజరంలో ఉంటే మాత్రం మనకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఇక సంప్రదాయం పేరెత్తుతారు. చిలక మన దేవతల చేతిలో ఉంది కదా అని. ఉంది, మధుర మీనాక్షి చేతిలో ఉంది, శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి చేతిలో ఉంది. చేతిలోనే ఉంది, పంజరంలో లేదు. పైగా గోదాదేవి చిలకను అక్కడ ఏ రోజుకారోజు ఆకులతో, పూలతో కొత్తగా చేస్తారు. అంతకన్నా మర్యాదైన చిలక పెంపకం నాకు తెలియదు. తెలుగువాళ్లకు మన సొంత కథ ఒకటుంది, దాన్ని హాయిగా మరిచిపోయాం. భద్రాచల రామదాసు పన్నెండేళ్లు గోల్కొండ చెరసాలలో ఎందుకు మగ్గాడంటే, వెనకటి జన్మలో ఒక చిలకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడు గనక అని జనం చెప్పుకున్నారు. సాక్షాత్తూ రాముడి భక్తుడికే రోజుకు ఏడాది లెక్కన శిక్ష వేసిన జనం వాళ్లు. చరిత్రగా అది నిలబడదు. ఆ కథ అల్లినవాళ్లు పంజరాన్ని ఎంత పెద్ద పాపంగా లెక్కగట్టారో మాత్రం తెలుస్తుంది.

ఇప్పటికే ఇంట్లో ఉన్న విదేశీ చిలకల్ని కిటికీ తెరిచి వదిలేయమని నేను చెప్పడం లేదు. వాటికి ఇక్కడి గాలీ తెలియదు, గద్దా తెలియదు, బతకడం కష్టం. ఉన్నవాటిని ఉన్నంతకాలం గుంపులా చూసుకోవాలి, వీలైతే ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటిలోంచే ఇంకో చిలకను తోడివ్వాలి, కొత్తవి కొనడం మానాలి. చిలకల ముచ్చట తీరదంటారా? తీరే దారి ఒకటుండేది, ఊళ్లోని చెట్ల మీదే చిలకల్ని చూసుకోవడం. ఆ చెట్లను మనమే నరికేసుకుంటున్నాం. రామచిలుక గూడు కట్టదు. పాత చెట్ల తొర్రల్లో పిల్లల్ని చేస్తుంది, మర్రి, రావి, మేడి పళ్లు తిని బతుకుతుంది. తొర్ర పడాలంటే చెట్టుకు దశాబ్దాల వయసుండాలి. మన పురపాలక సంఘాలు ఒక మర్రిని కొట్టి పది మొక్కలు నాటామని లెక్క చెబుతాయి. ఆ పదింటిలో ఒక్కదానికైనా తొర్ర పడేనాటికి ఆ లెక్క రాసిన గుమస్తా మనవడు పదవీ విరమణ చేస్తాడు. హైదరాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే దారిలో రోడ్డు వెడల్పు కోసం తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్ల తలరాత ఏళ్ల తరబడి హరిత ట్రిబ్యునల్లో నలిగింది. 2002లో నీరు, నేల, చెట్ల రక్షణకని వాల్టా చట్టం తెచ్చుకున్నాం, అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదన్నాం. అనుమతి ఇచ్చే అధికారి ఆ చెట్టు చుట్టుకొలత చూస్తాడు, కలప విలువ కడతాడు, తొర్రల సంగతి అడగడు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ తొర్రల్లో పిల్లలుంటాయి. ఒక్క రామచిలుకను పంజరంలో పెడితే మూడేళ్ల జైలు రాసిన ప్రభుత్వం, ముప్ఫై తొర్రలున్న చెట్టును మార్చి నెలలో రంపంతో కోయించి, ఆ పనికి కాంట్రాక్టరుకు బిల్లు కూడా చెల్లిస్తోంది.