రమ్మన్న దేశంలో నిలవాలంటే

జర్మనీలో 2024 జూన్ 27న అమల్లోకి వచ్చిన కొత్త పౌరసత్వ చట్టంలో మన పత్రికలు పెద్దగా పట్టించుకోని మినహాయింపు ఒకటి ఉంది. పౌరసత్వం కోరేవారు మామూలుగా జర్మన్ భాషలో బీ1 స్థాయి ధ్రువపత్రం చూపాలి, ఆ దేశ చట్టాలు, జీవన విధానం మీద రాతపరీక్ష నెగ్గాలి. 1974 జూన్ 30 లోపు పశ్చిమ జర్మనీకి కార్మికులుగా వచ్చినవారికి మాత్రం ఆ పరీక్ష లేదు, ఆ ధ్రువపత్రమూ అక్కర్లేదు. రోజువారీ అవసరాలకు నోటిమాటగా భాష వస్తే చాలు. గనుల్లో, కార్ల కర్మాగారాల్లో జీవితమంతా ధారపోసిన ఆ వృద్ధులకు భాష నేర్పే ఏర్పాటేదీ తాము చేయలేదని జర్మన్ రాజ్యం యాభై ఏళ్ల తర్వాత ఒప్పుకున్నట్టే ఇది.

అమెరికా దారి ఇరుకైపోయి తెలుగు కుటుంబాలు జర్మనీ వైపు చూస్తున్న వేళ ఈ చరిత్ర మనకు చాలా అవసరం. పనికి రమ్మని పిలవడం వేరు, అక్కడ మనిషికి చోటు దొరకడం వేరు. పిలుపు అందుకోవడానికి వీసా సరిపోతుంది. చోటు దొరకాలంటే చట్టం, భాష, ఇల్లు, పిల్లల బడి అన్నీ కలిసిరావాలి. మన కుటుంబాల తయారీ, మన ప్రభుత్వాల పథకాలు వీసా దగ్గరే ఆగిపోతున్నాయన్నదే నా ఆందోళన.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిశ్రమలు పుంజుకుని మనుషులు చాలకపోవడంతో పశ్చిమ జర్మనీ 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో నియామక ఒప్పందాలు చేసుకుంది. టర్కీ కార్మికులను రెండేళ్లు పనిచేయించుకుని పంపేసి, వారి స్థానంలో కొత్తవారిని తెచ్చుకోవాలన్నది మొదటి ఆలోచన. పని వచ్చినవాణ్ని పంపి, రానివాడికి మళ్లీ మొదటినుంచి నేర్పడం దండగని యజమానులే మొత్తుకోవడంతో 1964లో ఆ గడువు ఎత్తేశారు. అదే ఏడాది పది లక్షలవ కార్మికుడిగా కొలోన్‌లో రైలు దిగిన ఒక పోర్చుగీసు వడ్రంగికి మోపెడ్ బహూకరించి ఘనంగా స్వాగతం పలికారు. ఆ స్వాగతంలో భాషా తరగతులు లేవు, కుటుంబంతో ఉండటానికి ఇల్లూ లేదు. ఎలాగూ వెళ్లిపోయేవాళ్లే కదా అని రాజ్యం అనుకుంది. నాలుగు డబ్బులు వెనకేసుకుని ఊరికి పోదామని కార్మికుడూ అనుకున్నాడు.

1973లో చమురు సంక్షోభం నాటికి నియామకాలు ఆపేశారు. అప్పటిదాకా వచ్చిన సుమారు కోటీ 40 లక్షల మందిలో కోటీ 10 లక్షల మంది తిరిగి వెళ్లిపోయారు. మిగిలినవారు ఒకసారి గడప దాటితే మళ్లీ రానివ్వరన్న భయంతో అక్కడే ఉండిపోయి భార్యాబిడ్డలను రప్పించుకున్నారు. వలసను ఆపాలని మూసిన తలుపే తాత్కాలిక కార్మికులను శాశ్వత నివాసులుగా మార్చింది. అయినా అక్కడ పుట్టిన వారి పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం వచ్చే వీలు 2000 వరకు లేదు. కొత్తగా వచ్చేవారికి భాష నేర్పే కోర్సులను చట్టబద్ధంగా మొదలుపెట్టింది 2005లో.

మన ఐటీ నిపుణులకు జర్మనీ మొదటి పిలుపు కూడా ఇలాంటిదే. 2000లో ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ ప్రభుత్వం కంప్యూటర్ నిపుణుల కోసం 20 వేల అనుమతులు ప్రకటించింది. ఉండే గడువు మాత్రం ఐదేళ్లే. ఆ ఏడాది నార్త్ రైన్-వెస్ట్‌ఫేలియా రాష్ట్ర ఎన్నికల్లో భారతీయులను తెచ్చే బదులు జర్మన్ పిల్లలకే చదువు చెప్పించాలన్న ప్రచారం జోరుగా సాగింది. ఐదేళ్ల తర్వాత ఏమిటో తెలియని చోటికి వెళ్లడం కంటే అమెరికాయే మేలని చాలామంది అనుకున్నారు. ఆ 20 వేలూ నిండనేలేదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. యుద్ధానంతరం పుట్టిన తరం పెద్దఎత్తున పదవీ విరమణ చేస్తుండటంతో ఆసుపత్రుల నుంచి ఐటీ సంస్థల దాకా అన్నిచోట్లా మనుషుల కొరతే. 2024 అక్టోబరులో భారతీయ నిపుణులకిచ్చే వీసాల సంఖ్యను ఏటా 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని జర్మనీ ప్రకటించింది. 2010లో యాభై వేలైనా లేని భారతీయులు 2024 చివరికి దాదాపు రెండు లక్షల 80 వేలయ్యారు. 2024-25లో అక్కడి విశ్వవిద్యాలయాల్లో సుమారు 59 వేల మందితో విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లే మొదటి స్థానంలో నిలిచారు.

చట్టం కూడా మునుపటిలా లేదు. ఉన్నత నిపుణులకిచ్చే బ్లూ కార్డు అనుమతి మీద వెళ్లినవారు ప్రాథమికమైన ఏ1 స్థాయి జర్మన్‌తో 27 నెలలకు, బీ1 స్థాయికి చేరితే 21 నెలలకే శాశ్వత నివాస అనుమతి కోరవచ్చు. భార్య గానీ భర్త గానీ భాషా ధ్రువపత్రం లేకుండానే వెంట వెళ్లవచ్చు, వెళ్లిన నాటి నుంచే ఉద్యోగం చేయవచ్చు. ఒక్కో దేశానికి ఏడు శాతమన్న పరిమితి వల్ల అమెరికా గ్రీన్ కార్డు కోసం ఏళ్లూ పూళ్లూ ఎదురుచూస్తున్న, 2025 సెప్టెంబరు నుంచి కొత్త హెచ్1బీకి లక్ష డాలర్ల రుసుము మాట వింటున్న మనవారికి ఇది పెద్ద ఊరట. గల్ఫ్‌తో పోల్చుకున్నా అంతే. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి కూలికి పోయినవారు అక్కడ సగం జీవితం గడిపినా వారికి స్థిరనివాస హక్కు రాదు.

అయితే చట్టం ఇచ్చేది హక్కు వరకే. దాన్ని బతుకుగా మలచుకునే క్రమం అక్కడి రోజువారీ జీవితంలో సాగుతుంది. అది ఇంటి చిరునామాతో మొదలవుతుంది. ఇంట్లో చేరిన రెండు వారాల్లో పురపాలక కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకంతో ధ్రువీకరణ కావాలి. నమోదు లేకపోతే పన్ను సంఖ్య చేతికి రాదు. అది లేకపోతే జీతంలో అత్యధిక శ్రేణి పన్ను కోసేస్తారు. మ్యూనిక్, బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి నగరాల్లో అద్దె ఇంటికి విపరీతమైన పోటీ. యజమాని మూడు నెలల అద్దె వరకు డిపాజిట్ అడగవచ్చు. కొన్ని ఇళ్లలో వంటగది అంటే నాలుగు గోడలే; స్టవ్, సింకు, అల్మరాలు మనమే కొనుక్కోవాలి. హైదరాబాద్‌లో లెక్కవేసుకున్న నెల జీతం ఈ మొదటి మూడు నెలల ముందు వెలవెలబోతుంది.

అంతకంటే పెద్ద చిక్కు భాష. ఆఫీసులో ఇంగ్లిష్ నడుస్తుంది కాబట్టి చాలునని మన ఐటీ యువత నమ్ముతోంది. కానీ ఇంటి యజమాని ఉత్తరం, విదేశీయుల కార్యాలయం నోటీసు, డాక్టరు సలహా, పిల్లల బడి సమావేశం అన్నీ జర్మన్‌లోనే. కంపెనీ ఉద్యోగాలు తగ్గించిన రోజున ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవారికి ఎదురుగా మిగిలే అవకాశాలు కొన్నే. వెంట వెళ్లే భార్యకు భాషా పరీక్ష లేకపోవడం పైకి సౌకర్యంగానే కనిపిస్తుంది. తీరా వెళ్లాక, ఇక్కడ బీటెక్ చదివి ఉద్యోగం చేసిన అమ్మాయికి అక్కడ భాష రాక ఇంటర్వ్యూ పిలుపే రాదు. చిన్న పిల్లల సంరక్షణ కేంద్రంలో చోటు దొరక్క భాషా తరగతికీ వెళ్లలేదు. చట్టం ఇచ్చిన పని హక్కు కాగితం మీదే ఉండిపోతుంది. కొత్త దేశంలో ఒంటరితనం బరువు ఎక్కువగా మోస్తున్నది ఈ స్త్రీలే.

నర్సులకు భాష ఐచ్ఛికం కాదు. బీ2 స్థాయి రావాలి, మన డిగ్రీకి అక్కడి గుర్తింపు కావాలి. అది వచ్చేదాకా సహాయకురాలి హోదా, సహాయకురాలి జీతమే. దేశంలోని 16 రాష్ట్రాల్లో గుర్తింపునిచ్చే సంస్థలు వేరు, పట్టే కాలమూ వేరు. మనుషులు కావాలని పిలుస్తూ వారి అర్హతను తేల్చడానికి నెలల తరబడి తిప్పడం జర్మనీ వైపు లోపం. దాన్ని సరిదిద్దుకోవాల్సింది ఆ దేశమే.

పిల్లల విషయంలో గడువు మరీ తక్కువ. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి పూర్తికాగానే పిల్లలను వేర్వేరు రకాల బడులకు పంపుతారు. విశ్వవిద్యాలయానికి నేరుగా దారితీసే గిమ్నాజియంలో చేరతారా, మరో బడికి వెళతారా అన్నది పదేళ్ల వయసుకే చాలావరకు తేలుతుంది. ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని భాష లేకుండా తీసుకెళ్లిన తల్లిదండ్రులకు రెండేళ్లే వ్యవధి ఉంటుంది. టర్కీ కార్మికుల పిల్లలు ఎందరో ఈ వడపోతలోనే వెనకబడ్డారు.

స్థిరపడాలన్న ఆలోచనే మాకు లేదు, నాలుగేళ్లు సంపాదించుకుని వచ్చేస్తాం అనేవారున్నారు. 1961లో వచ్చినవారిదీ అదే మాట. తిరిగి వెళ్లడం గురించి మనం ఆలోచిస్తూ ఉండగానే పిల్లలు బడిలో చేరతారు, వారి స్నేహాలు అక్కడ అల్లుకుంటాయి, ఏళ్లు గడిచిపోతాయి. చివరికి వచ్చేసినా, అక్కడున్నన్నాళ్లు గౌరవంగా బతకడానికి భాష కావాల్సిందే.

రాజకీయ గాలి కూడా ఎప్పుడూ ఒకే వైపు వీయదు. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో వలసలను తీవ్రంగా వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీ 20.8 శాతం ఓట్లతో రెండో స్థానానికి ఎగబాకింది. బాగా కలిసిపోయినవారికి మూడేళ్లకే పౌరసత్వమిచ్చే వెసులుబాటును అదే ఏడాది అక్టోబరులో రద్దు చేశారు. ఇప్పుడు మామూలుగా ఐదేళ్లు ఆగాల్సిందే. జర్మనీ ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించినా మన చట్టం అనుమతించదు. జర్మన్ పాస్‌పోర్టు తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ఓటు హక్కు ఉండదు, వ్యవసాయ భూమి కొనే వీలుండదు. ఊళ్లో పొలం, వృద్ధులైన తల్లిదండ్రులు ఉన్న కుటుంబాలు ఈ నిర్ణయాన్ని ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. ఇవన్నీ చూశాక ఒకటి తేలుతుంది: చట్టం ఎటు మారినా నేర్చుకున్న భాషను, సంపాదించుకున్న గుర్తింపును ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

అందుకే సన్నాహం ఇక్కడే మొదలవ్వాలి. బీ1 స్థాయి కోసం జర్మనీ తన కోర్సులో కేటాయించింది 600 పీరియడ్లు. రోజుకు నాలుగు చొప్పున సుమారు ఏడు నెలల పని అది. అక్కడికి వెళ్లాక ఉద్యోగం చేస్తూ, యూరోల్లో ఇంటి అద్దె కడుతూ అంత సమయం తీయడం కష్టం, ఇక్కడ కుదురుతుంది. భర్త ఒక్కడే నేర్చుకుంటే సరిపోదు, ఇద్దరూ నేర్చుకోవాలి. వీసాకు ఖాతాలో చూపాల్సిన 11,904 యూరోల కోసం అప్పు చేసే విద్యార్థి కుటుంబం, ఇంగ్లిష్‌లో మాస్టర్స్ చదివిన తర్వాత జర్మన్ లేకుండా ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందో ముందు అడగాలి. దానికి సూటిగా జవాబు చెప్పని కన్సల్టెన్సీకి ఫీజు కట్టకూడదు.

ప్రభుత్వాల బాధ్యత ఇంతకంటే పెద్దది. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంట్లను 1983 నాటి వలస చట్టం నియంత్రిస్తుంది. విద్యార్థులను పంపే కన్సల్టెన్సీలు దాని పరిధిలో లేవు. ఈ లోటును కేంద్రం పూడ్చాలి. తెలంగాణలో విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు భాష నేర్పించి జర్మనీకి పంపే పని చేపట్టింది. అది మంచి మొదలు, కానీ నర్సులతో ఆగితే చాలదు. ఐటీఐ, పాలిటెక్నిక్, నర్సింగ్, ఇంజినీరింగ్ కళాశాలల్లో చివరి రెండేళ్లు అర్హులైన అధ్యాపకులతో జర్మన్ నేర్పాలి. పరీక్ష ఫీజు పేద విద్యార్థికి ప్రభుత్వమే కట్టాలి. అక్కడి తెలుగు సంఘాలు ఉగాది, బతుకమ్మ వేడుకలకు పెడుతున్న శ్రద్ధలో కొంత, కొత్తగా దిగిన కుటుంబానికి దరఖాస్తు నింపిపెట్టడానికి, ఇంట్లో మిగిలిపోయిన స్త్రీని భాషా తరగతికి చేర్చడానికి పెట్టాలి.

వీటిలో జర్మనీ ఒప్పుకోలు అవసరమైనది ఒక్కటీ లేదు. కళాశాలల్లో భాషా తరగతులకు కొత్త చట్టమూ అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాలు తలచుకుంటే వచ్చే విద్యా సంవత్సరం నుంచే వాటిని మొదలుపెట్టవచ్చు.