కదలకు కన్నా

ఎక్స్‌రే గది అంటే పెద్దవాళ్లకే బెరుకు. చల్లని బల్ల, మసక వెలుతురు, మీదికి వంగిన యంత్రం. చెయ్యి వాచి నొప్పితో ఉన్న మూడేళ్ల పిల్లవాడు అక్కడ అమ్మ మెడ కరుచుకుని వదలడు. బయట వరండాలో ఇంకా ఇరవైమంది. 'గట్టిగా పట్టుకోండమ్మా' అని కేక. వాడు గింజుకుంటాడు, చిత్రం చెదురుతుంది, మళ్లీ తీస్తారు.

ఆ 'మళ్లీ' దగ్గరే మా బాధ. ఒక ఛాతీ ఎక్స్‌రేతో ఒంటికి తగిలే కిరణాలు, నేల నుంచీ నింగి నుంచీ కొద్ది రోజుల్లో ఎలాగూ తగిలేపాటివే. డాక్టరు అవసరమన్నప్పుడు భయపడి మానకూడదు. కానీ ఎదిగే ఒంట్లో కణాలు చురుగ్గా విభజన చెందుతుంటాయి, ముందున్న ఆయుష్షూ ఎక్కువ. అందుకే పసివాళ్లకు ఒక్క ఫిల్మయినా వృథాగా తీయకూడదు. 2008లో అమెరికాలో మొదలైన 'ఇమేజ్ జెంట్లీ' ప్రచారం అడిగిందీ ఇదే: పిల్లల ఒంటికి తగినంతే వాడండని.

యంత్రం నుంచి ముందుగా చతురస్రంగా ఒక వెలుగు పడుతుంది. కిరణాలు ఎంతమేర తాకుతాయో చూపే దీపమది. దాన్ని మణికట్టు వరకే కుదించడం టెక్నీషియన్ బాధ్యత. ఆ వెలుగునే ముందు అమ్మ అరచేతి మీద వేసి 'ఇప్పుడు నీ వంతు' అంటే, ఏడుపు ఆపి తామే చెయ్యి చాపే పిల్లలున్నారు. 1895లో ఎక్స్‌రేలను కనిపెట్టిన రాంట్‌జెన్ తన భార్య చేతిని చిత్రం తీసినప్పుడు ఆమె చాలాసేపు కదలకుండా ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు సెకను కూడా పట్టదు. ఆ రెప్పపాటు భయం లేకుంటే చాలు.

ఇంటివాళ్లు చేయగలిగిందీ ఉంది. ఛాతీకైతే మెడలో తాయెత్తు, తుంటికైతే మొలతాడుకున్న వెండి బిళ్ల ముందే తీసేయాలి. ఫిల్మ్ మీద అవి అడ్డుపడితే మళ్లీ తీయాల్సిందే. చంటిపిల్లకు పాలు పట్టి, మెత్తని పాతచీరలో చుట్టి తీసుకెళితే నయం. పట్టుకునేవాళ్లు సీసపు ఏప్రాన్ అడిగి మరీ వేసుకోవాలి. కడుపుతో ఉన్న తల్లి ఆ సంగతి అడక్కముందే చెప్పి బయట ఉండాలి. నాన్నో మేనమామో లోపలికి వెళ్లాలి.

ఇక వరసలో నిలబడ్డ మనం. తలుపు మీద ఎర్రదీపం ఇంకా వెలగలేదేమని విసుక్కునే ఆ రెండు నిమిషాలూ, లోపల ఒక అమ్మ అరచేతి మీద వెలుగు పడుతూ ఉండవచ్చు.