నెవిల్ జేబులోని కాగితం

హ్యారీ పాటర్ ఐదో పుస్తకం (2003) ఏడింటిలోకీ పెద్దది. 2007లో వచ్చిన సినిమా మాత్రం 138 నిమిషాలే. కొన్ని వదలక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ ఆసుపత్రి ఘట్టాన్ని వదిలేయడం నాకు నచ్చలేదు. శాపం దెబ్బకు మతి చెడిన తల్లి, కొడుకు నెవిల్ చేతిలో ఖాళీ బబుల్‌గమ్ కాగితం పెడుతుంది. పారేయమంటుంది నానమ్మ. అతను దాన్ని జేబులో దాచుకోవడం హ్యారీ చూస్తాడు. సినిమాలో నెవిల్ తల్లిదండ్రుల సంగతి హ్యారీకి మాటల్లో చెప్పేస్తాడు, అంతే! మంత్రాల పోరాటం రెండు నిమిషాలు తగ్గిస్తే ఏం పోయేది?

పోయినసారి నాన్నగారి బదిలీకి సామాను సర్దుతుంటే, నా పెన్సిల్ డబ్బాలో టాఫీ కాగితం కనిపించింది. పాత ఊళ్లో నా పక్కన కూర్చునే స్నేహితుడిచ్చిన ఆఖరి టాఫీది. "ఈ చెత్తెందుకురా?" అంది అమ్మ. సినిమా మాత్రమే చూసిన తమ్ముడు నవ్వాడు.